చూరు లేని ఇల్లు

ఆ కబురు మొదట నాకు తెచ్చింది మా పక్కింటి సాయిబుగారి భార్య. వన్ టౌన్‌లో మా వాటాకూ వాళ్ళ వాటాకూ మధ్య ఒకటే గోడ, వెనకవైపు ఒకటే వరండా. ఆయన పరుపులు కుట్టేవారు. ఆమె జుట్టు మీదా కొంగు మీదా ఎప్పుడు చూసినా దూది పీచులే. ఆ రోజు పొద్దున నేను బియ్యంలో రాళ్ళు ఏరుకుంటుంటే ఆమె వెనక గుమ్మంలో నిలబడి, కొంగు చాటునుంచి మా ఇత్తడి గ్లాసు బయటికి తీసింది. అందులో మా బీరువా తాళంచెవి, ఒక ఎండు మిరపకాయ, చిన్న బెల్లం ముక్క ఉన్నాయి.

"ఏమనుకోబాకక్కా. మీ అత్తగారు రోజూ మా గూట్లో ఏదో ఒకటి పెట్టి పోతా ఉంది. నిన్న దువ్వెన, మొన్న మజ్జిగ గరిటె. పెద్దామె గదా, చెప్తే ఏం బాగుంటదిలే అని నేనే తీసుకొచ్చి మీ గట్టు మీద పెడతన్నా. ఇయ్యాల తాళంచెవి కనపడేసరికి భయమేసింది" అంది.

గ్లాసు అందుకున్నాను. మీ మేలు మరిచిపోనక్కా అన్నాను. ఆమె వెళ్ళిపోయాక గ్లాసు చేటలో పెట్టుకుని కూర్చున్నాను. సొంత ఇంట్లో చోటు లేనట్టు పక్కింటి గూట్లో ఎందుకు పెడుతున్నారు? నా మీద అలకా? తాళంచెవి సరే, దానికి మిరపకాయా బెల్లమూ తోడెందుకు? ఎటునుంచి ఆలోచించినా కొస దొరకలేదు. చివరికి బెల్లం ముక్క చీమలకు వేసి బియ్యం కడగడానికి లేచాను.

ఇది ఎమర్జెన్సీకి కాస్త ముందో వెనకో, నాకు సరిగ్గా గుర్తులేదు. మాది రైలుపెట్టె లాంటి వాటా. ముందు గది, నడిమి గది, వంటిల్లు, వాటి వెనక వరండా. మా ఆయన ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పని చేసేవారు. అంతకు రెండేళ్ళ ముందు కృష్ణ పొంగినప్పుడు, కరకట్ట లోపల లంకలో ఉన్న మా అత్తగారి తాటాకు ఇల్లు గోడలు నాని కూలిపోయింది. మామగారు అప్పటికే లేరు. షెడ్డు వాళ్ళు దయతలిచి ఇచ్చిన లారీలో ముందు మా అత్తగారూ, వెనక ఆమె ఇల్లూ వచ్చాయి. రోలు, రోకళ్ళు, తిరగలి, తట్టలు, చేటలు, ఊరగాయ జాడీలు, పిడతలు, ఉట్టి తాళ్ళు, చిరిగిన చేపల వల, మామగారి పొగాకు సంచి, ఏ తలుపుకూ సరిపడని ఒక గొళ్ళెం. ఇల్లు కూలింది గానీ సామాను ఒక్కటి కూడా పోనివ్వలేదని ఆవిడ గర్వంగా చెప్పుకునేవారు. నిజమే, పోలేదు. అంతా మా మూడు గదుల్లోనే ఉంది.

మంచం కిందా, మంచం మీదా, తలుపుల వెనకా సామానే. సాయంత్రం ప్రార్థనకు మోకరించాలంటే ముందు చోటు చేసుకోవాలి. మోకరిస్తే మోకాలి కింద ఏ చింతపిక్కో, ఏ మేకో. కళ్ళు మూసుకున్నా మనసు దాని మీదే. ఏ వస్తువు కనబడకపోయినా ఈ సంతలో ఎక్కడో ఉందిలే అనుకోవడం మాకు అలవాటైపోయింది. మూడు రోజులకు అదే ఎక్కడో ఒకచోట బయటపడేది.

పక్కింటావిడ చెప్పిన మాట మా ఆయనతో చెప్పాను. ఆయన భోంచేస్తూ విని, ఈ సామాన్ల మధ్య ఎవరికైనా మతి నిలుస్తుందా, ముందు ఇల్లు సర్దు, అమ్మ తనే సర్దుకుంటుంది అన్నారు. నాకూ అదే సబబనిపించింది. ఎలాగూ క్రిస్మస్ సున్నాలు వెయ్యాలి.

సర్దడం నాకు మా నాన్నగారు నేర్పిన విద్యే. మా ఊళ్ళో బడి కాలవ అవతల ఉండేది, బల్లకట్టు దాటి వెళ్ళాలి. అమ్మ భయపడి నన్ను పంపలేదు. నాన్నగారు పొలంనుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని, అరుగు మీద సుద్దముక్కతో అక్షరాలు దిద్దించేవారు. దిద్దడం అయ్యాక సుద్ద తీసిన చోటే పెట్టాలి. పెట్టకపోతే మర్నాడు పాఠం లేదు. వస్తువుకొక చోటుంటే మనిషికి నెమ్మది ఉంటుందని ఆయన అనేవారు. నేను చదవగలిగిన నాలుగు మాటలకూ, బైబిల్లో వాక్యం తెరిచి కూర్చోగలిగిన భాగ్యానికీ ఆయనకూ ఆ అరుగుకూ ఇప్పటికీ కృతజ్ఞత చెప్పుకుంటాను.

సామానంతా వరండాలోకి చేర్చాను. ఉంచేవి ఒక కుప్ప, ఇచ్చేసేవి ఒక కుప్ప అనుకున్నాను. కాసేపటికి తేలనివి అని మూడో కుప్ప మొదలైంది. సాయంత్రానికి అదే అన్నిటికన్నా పెద్దది. మా అత్తగారు పీట వేసుకుని పక్కనే కూర్చున్నారు. ఒక్కో వస్తువూ ఎత్తి చూపించి, ఇది ఉంచనా అత్తయ్యా అని అడిగాను. ఆవిడ ఉండనీ అనీ, తీసెయ్ అనీ నెమ్మదిగా చెబుతూనే ఉన్నారు. కానీ ఆ చెప్పడంలో వరస నాకు అంతుబట్టలేదు. రోజూ తినే మాగాయ జాడీని తీసెయ్ అన్నారు. ఎందుకూ కొరగాని గొళ్ళేన్ని మాత్రం ఉండనీ అన్నారు. నన్ను ఆటపట్టిస్తున్నారేమో అని ముఖంలోకి చూశాను. ఆట లేదు.

తిరగలి మా మందిరంలో ఒక పేద కుటుంబానికి ఇచ్చాము. వల, విరిగిన తట్టలు, ఇంకా చాలా సరుకు తోపుడుబండి మీద వెళ్ళిపోయింది. మా ఆయన షెడ్డులో మిగిలిన రేకులతో అలమర చేసి తెచ్చారు. అందులో పాలపిండి డబ్బాలు వరసగా పెట్టి, ఒక్కోదాని మీదా కాగితం అంటించి పేర్లు రాశాను. అత్తగారికి చదువు రాదని గుర్తొచ్చి, ప్రతి కాగితం మీదా మైదా జిగురుతో ఆ గింజనే అతికించాను. కందిపప్పు డబ్బా మీద కందిబద్ద, మెంతుల డబ్బా మీద మెంతిగింజ. నా తెలివికి నేనే మురిసిపోయాను. వారం తిరక్కుండా బొద్దింకలు జిగురు తిని, గింజలు రాలగొట్టాయి.

అయినా ఇల్లు ఇల్లులా కనిపించింది. మోకరిస్తే గచ్చు చల్లగా తగిలింది. పాస్టరుగారి భార్య వచ్చి చూసి, మందిరంలా ఉందమ్మా అంది. ప్రభువుకు స్తోత్రం చెప్పుకున్నాను. ఆ స్తోత్రంలో కాస్త గర్వం కూడా కలిసిందేమో.

తరవాత ఉప్పు పోవడం మొదలైంది.

డబ్బా నింపుతాను, రెండు రోజుల్లో ఖాళీ. మళ్ళీ నింపుతాను, మళ్ళీ ఖాళీ. అగ్గిపెట్టె ఉండదు. దువ్వెన ఉండదు. ఒకరోజు పెరుగు గిన్నె, నడిమి గదిలో గొడుగు తగిలించే మేకుకు తాడుతో వేలాడుతూ కనిపించింది. కింద మా ఆయన ఇస్త్రీ చొక్కా మీద పెరుగు చుక్కలు. ఇంకోరోజు మంచం కింద ట్రంకుపెట్టె తెరిస్తే, నా పెళ్ళి చీర మడతల్లో బియ్యం. సామాను ఉన్నన్నాళ్ళూ నింద సామాను మోసింది. ఇప్పుడు సామాను లేదు, నింద మనుషుల మీద పడింది.

ఎలుకలనుకున్నాను. ఎలుకలు ఉప్పు తినవుగా. పిల్లలనుకున్నాను. వాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకుని తీయలేదన్నారు. నేనే ఎక్కడో పెట్టి మరిచిపోతున్నానేమో, మతి తప్పుతున్నది నాకేనేమో అనుకున్నాను. ఇది చెబితే నవ్వుతారు గానీ, ఉప్పు డబ్బా కోసం ఉపవాస ప్రార్థన చేశాను. చివరికి అత్తగారినే అడిగాను. ఆవిడ నన్ను జాలిగా చూసి, ఉప్పు ఉన్న చోటే ఉంది గదమ్మాయ్ అన్నారు. ఏదీ, చూపించండి అన్నాను. లేచారు. వంటింటి మధ్యలో నిలబడి నాలుగు వైపులా చూశారు. అలమర చూసి ఇదెవరిదని అడిగారు. మళ్ళీ వెళ్ళి పీట మీద కూర్చున్నారు.

క్రిస్మస్ దగ్గరపడ్డాక ఒక సాయంత్రం ఫ్యూజు పోయింది. మా ఆయన చెయ్యెత్తి మీటరు బోర్డు వెనక తడిమి, ఆ చెయ్యి బయటికి తీశారు. చేతిలో అగ్గిపెట్టె, దువ్వెన, దారం ఎక్కించిన సూది, రెండు వేపపుల్లలు. పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయారు. ఆయన కోపం నాకు తెలుసు. అది కోపం కాదు. కరెంటు తీగల మధ్య అగ్గిపెట్టె, పక్కన కిరసనాయిలు స్టవ్వు, ఇంట్లో పిల్లలు. ఆయన కళ్ళముందు ఏం కదిలిందో నాకూ కదిలింది.

డాక్టరుగారికి చూపిస్తే వయసు అన్నారు. పండగ వెళ్ళగానే అమ్మని గుడివాడలో అక్క దగ్గర దింపొస్తానని మా ఆయన తేల్చేశారు. అక్కడ కోడళ్ళున్నారు, ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉంటారు. అప్పటిదాకా వంటింట్లోకి రానివ్వొద్దన్నారు. వంటింటి తలుపుకు బయటనుంచి గడియ బిగించారు. తప్పని నేను అనలేకపోయాను. ఒప్పని కూడా నోరు రాలేదు. ఆయన మా ఆడపడుచుకు కార్డు రాసేశారు.

మా అత్తగారు పదహారేళ్ళకు పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి. ఆ రోజునుంచి వరండాలో పీట మీద, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. ఆ ఖాళీ చేతులను దాటుకుని నీళ్ళకు వెళ్ళడం నాకు కష్టంగా ఉండేది. ఒక మధ్యాహ్నం ఆవిడ నన్ను పిలిచారు.

"ఇల్లంతా చక్కగా సర్దావు గదమ్మాయ్. మరి నన్నెక్కడ సర్దుతారు?"

నిష్ఠూరం కాదు. బస్సు ఎన్నింటికి అని అడిగినట్టు, తెలుసుకుందామని అడిగారు. బిందె నిండి పొర్లిపోతున్నా పంపు కట్టడం మరిచిపోయాను.

ఆ వారంలోనే అవనిగడ్డ వైపునుంచి మా చిన్నత్తగారు వచ్చింది. మా అత్తగారికి తోడికోడలు. ఆ లంక ఇంట్లో ఇద్దరూ చాలా ఏళ్ళు ఉమ్మడి కాపురం చేశారు. అక్కను గుడివాడ పంపుతున్నారని విని, చూసిపోదామని ఒక సంచి కందికాయలతో దిగింది. గట్టి మనిషి, గట్టి గొంతు. వస్తూనే వంటింటి గడియ చూసి, ఏం దాచిపెట్టార్రా ఇందులో, రొయ్యలా అంది. ఎవరూ నవ్వలేదు. నేను సంగతంతా చెప్పాను. ఆమె తలుపు తీసి, కొంగు దోపుకుని, నువ్వు కాసేపు కూర్చోవమ్మాయ్ అని కందికాయలు ఉడకేసింది.

గడియ తీసి నేను నీళ్ళకు వెళ్ళిన సందులో పోయిందేమో, ఉప్పు డబ్బా మూత తీస్తే షరా మామూలే. సిగ్గుతో నేను పక్కింటికి బయల్దేరబోతున్నాను. అంతలో వరండాలోంచి మా అత్తగారు, గొంతు కూడా ఎత్తకుండా, "చెల్లే, ఉప్పందుకో" అన్నారు.

చిన్నత్తగారు చేతులు తుడుచుకుంది. వెనక గుమ్మం దాటి, ఎడమచేతి వైపు తిరిగి, స్నానాల గదిలోకి వెళ్ళింది. అక్కడ మూలగా నీళ్ళు కాచుకునే పొయ్యి ఉండేది. దాని వెనక తాటిమట్టలు, పిడకలు. ఆ చీకట్లో నేనెప్పుడూ చెయ్యి పెట్టలేదు. ఆమె వంగి చెయ్యి పెట్టింది. నల్లటి పిడతతో వచ్చింది. పిడత నిండా ఉప్పు.

"అది అక్కడుందని మీకెవరు చెప్పారు చిన్నత్తయ్యా?" అన్నాను.

"ఎవరు చెప్పేదేంటి? వెనక గుమ్మం దాటి ఎడం చేతికి తిరిగితే పొయ్యి. పొయ్యెనక ఉప్పు పిడత. కాపరానికొచ్చిన రోజు మా అత్త చూపించింది, అక్కకీ, నాకూ" అంటూ గుప్పెడు ఉప్పు తీసింది. తీసిన చెయ్యి అలాగే ఆగిపోయింది. రేకు అలమర కేసి చూసింది, కిరసనాయిలు స్టవ్వు కేసి చూసింది. "ఇది మీ ఇల్లు గదమ్మాయ్" అంది నెమ్మదిగా. "నేనెటు పోయానే?"

ఆమె భయపడింది. నేనూ భయపడ్డాను. వరండాలో మా అత్తగారొక్కరే స్థిమితంగా ఉన్నారు. ఉప్పు చాలా లేదా అని అడిగారు.

తరవాత ముగ్గురం ఇల్లంతా తిరిగాము. చిన్నత్తగారు కూలిపోయిన ఇంటిని నోటితో చెబుతూ నడిచింది. వెనక గుమ్మానికి కుడిపక్క గూడు, గ్లాసులూ తాళాలూ అందులో. మా ఇంట్లో అదే కుడిపక్క సాయిబుగారి వాళ్ళ గోడ, వాళ్ళ గూడు. తాళాలు పెట్టిన చోట ఎండు మిరపకాయ ఉంచితే దిష్టి తగలదని మా అత్తగారి అత్తగారి నమ్మకమట. బెల్లం ఎందుకో ఆమెకూ తెలీదంది. నడిమి గదిలో దూలానికి ఉట్టి, ఉట్టి మీద పెరుగు. మా దూలం చోట గొడుగు మేకు. మంచం కింద బియ్యప్పెట్టె. మా మంచం కింద ట్రంకుపెట్టె. మరి అగ్గిపెట్టే, దువ్వెనా అన్నాను. చూరులో అంది. తాటాకు ఇంటికి చూరు కిందికి వంగి ఉంటుంది కదా, చెయ్యి ఎత్తితే అందుతుంది. దువ్వెనా, సూదీ, వేపపుల్లా అన్నీ ఆ ఆకు సందులోనే దోపేవారట. మా పెంకుటింటికి లోపల చూరు ఎక్కడిది? ఆవిడ చెయ్యి ఎత్తిన చోట మీటరు బోర్డు ఉంది.

ఇన్నాళ్ళూ ఆవిడ ఏదీ పారేసుకోలేదు. ప్రతి వస్తువునూ దాని చోటులోనే పెట్టారు, మా నాన్నగారు చెప్పినట్టే. ఆ చోటున్న ఇల్లే లేదు. ఇది అర్థమయ్యాక నాకు నెమ్మదిగా ఉండాలి. ఉండలేదు. ఇంకా అయోమయమైంది. మరి నేను సర్దింది ఎవరి ఇల్లు?

మా ఆయన షెడ్డునుంచి రాగానే చిన్నత్తగారు చెప్పింది. ముందు నవ్వారు. తరవాత నవ్వలేదు. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన మనిషికి ఇన్నాళ్ళూ తట్టలేదేమిటని తనను తానే అడిగినట్టు గడ్డం నిమురుకుంటూ ఉండిపోయారు. చూరులో కొడవలి కూడా ఉండేది అన్నారు.

"కొడవలి పెట్టలేదు, సంతోషించు" అంది చిన్నత్తగారు. "అక్కని గుడివాడలో దింపితే అక్కడా ఇట్టాగే ఎతుక్కుంటది. ఆ ఇంట్లో నేనూ ఉండను, నువ్వూ ఉండవు. ఎవరు చెప్తార్రా ఉప్పెక్కడో?"

ఆయన మర్నాడు పనినుంచి వస్తూ సైకిలు వెనక తాటాకులు కట్టుకుని వచ్చారు. మీటరు బోర్డుకు చెక్కపెట్టె బిగించి తాళం వేశారు. దానికి దూరంగా వెనక గుమ్మం మీద లోపలివైపు తాటాకులు వంచి, చేతికందేలా కొట్టారు. వంకరగా వచ్చింది. మొత్తానికి చూరే. నడిమి గదిలో ఉట్టి కట్టాము. ట్రంకుపెట్టెలోంచి చీరలు తీసి బియ్యం పోశాము. అగ్గిపెట్టె మాత్రం నా బొడ్లోనే ఉండేది. ఆవిడ కోసం చూరులో పుల్లలు లేని ఖాళీ పెట్టె దోపాను. వంటింటి గడియ ఊడదీశారు. పక్కింటావిడకు చెప్పుకుందామని వెళితే ఆమె సగంలోనే ఆపింది. గూడుదేముందక్కా, మాకింకోటుంది, అది పెద్దామెదే అనుకోండి అంది. ఆ మరుసటి శుక్రవారమే ఆ గూటికి తెల్లగా సున్నం కొట్టి ఉంచింది. ఆ ఇల్లాలికి దేవుడు మేలు చేయాలి.

గుడివాడకు ఇంకో కార్డు వెళ్ళింది. పండగకు మా అత్తగారు మా ఇంట్లోనే ఉన్నారు. పాస్టరుగారి భార్య మళ్ళీ వచ్చి, గుమ్మం మీద తాటాకులూ, పొయ్యి వెనక ఉప్పూ, ఉట్టీ చూసి ఈసారి ఏమీ అనలేదు. కాఫీ తాగి వెళ్ళింది.

ఆవిడకు నయమైందని చెప్పను. కాలేదు. నన్ను కోడలుగా మరిచిపోయారు, చెల్లే అని పిలిచేవారు. నేను ఓయ్ అక్కా అని పలికేదాన్ని. ఒకసారి మీ ఇల్లెక్కడమ్మా అని అడిగారు. ఇదే అనాలో, కృష్ణ దాటి అవతల అనాలో తెలియలేదు. అయినా కూర దింపే వేళకు ఉప్పు తెచ్చి నా పక్కన పెట్టేవారు. ఒక్కరోజు కూడా తప్పలేదు. ఆ చేతులు మళ్ళీ ఒళ్ళో ఖాళీగా ఉండలేదు. అందుకు ప్రభువుకు స్తోత్రం.

ప్రభువు ఆమెను పిలుచుకున్నాక వచ్చిన సున్నాలకు, ఆ తాటాకులు తీసేద్దామని స్టూలెక్కాను. ఎండి పొడిపొడిగా రాలుతున్నాయి. వాటిని ఏ కుప్పలో వెయ్యాలో తేల్చుకోలేక దిగాను. మా ఆయన సున్నం బుడ్డి పట్టుకుని నిలబడి, ఉంచు అనలేదు, తీసెయ్ అనలేదు. తాటాకులను వదిలేసి వాటి చుట్టూ సున్నం వేశాము. మాగాయ జాడీని తీసెయ్ అనీ, గొళ్ళేన్ని ఉండనీ అనీ ఆవిడ ఎందుకన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. గొళ్ళెం నా దగ్గరే ఉంది. అది ఏ తలుపుదో చెప్పగలిగిన చిన్నత్తగారూ లేదిప్పుడు.

ఇల్లు ఎలా సర్దుకోవాలో చెప్పమని ఈకాలం ఆడపిల్లలు నన్ను అడుగుతారు. నాకు తెలిసింది కాస్తే, అదీ సరిగ్గా తెలియదు. ఒక్కటి మాత్రం వేడుకుంటాను. మీ ఇంట్లో ఎప్పుడైనా ఒక వస్తువు ఉండవలసిన చోట కాక మరో చోట కనిపిస్తే, ఎవరినీ ఏమీ అనకముందు, పొయ్యి వెనకనుంచి ఉప్పు పిడత తెస్తున్న మా అత్తగారిని ఒక్కసారి తలుచుకోండి.